గదుల మధ్య బడి

ఆర్కిటెక్చర్ నేర్పే భవనంలో తరగతుల కంటే ముందు దారులు గీయాలి. ఆ విద్య పిల్లలమర్రి మండపంలో, నాగార్జునకొండ విహారాల్లో, మిర్యాలగూడ మిల్లుల్లో మన కళ్లెదుటే ఉంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట ఇంచుమించు సగం దారిలో ఉంటుంది. ఒకవైపు పోతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. రెండోవైపు కోదాడ, నందిగామ దాటుకుని పోతే విజయవాడ ఐటీఐ రోడ్డులో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్. మొదటిదాని మూలం 1940 నాటి కళల బడి. అది 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008లో విశ్వవిద్యాలయంగా మారింది. రెండోదాన్ని అదే 2008లో కేంద్రం నెలకొల్పి, 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. మిర్యాలగూడ పిల్లలైతే సికింద్రాబాద్ బండో గుంటూరు బండో ఎక్కుతారు. సూర్యాపేట, కోదాడ పిల్లలకు బస్సే దిక్కు. భుజాన డ్రాయింగ్ షీట్ల గొట్టం, ఒళ్లో అట్టపెట్టె, ఆ పెట్టెలో రాత్రంతా కూర్చుని అతికించిన మోడల్. పక్కవాళ్ల మోచేయి తగలకుండా దాన్ని కాపాడుకుంటూ పోవడం ఆ చదువులో ఒక భాగం.

అంతకుముందు ఆ పిల్లలు చదువుకున్న భవనాలు ఎలాంటివి? మన పట్టణాల్లో ఏ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలోకైనా వెళ్లి చూడండి. నడుమ ఒక పొడవాటి నడవా, అటూ ఇటూ గదులు. రెండు చివర్లా గదులే కాబట్టి పగలు కూడా ట్యూబులైట్ వెలగాల్సిందే. మెట్ల దగ్గర మడతల ఇనుప గేటు, దానికి తాళం. నడవాలో నిలబడితే 'క్లాసుకు పో' అని ఒక కేక. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు రెండేళ్లపాటు రోజూ నడిచే దారి అది. భవనమంటే గదులని, గదుల మధ్య ఉన్నది వీలైనంత త్వరగా దాటిపోవాల్సిన చోటని వాళ్ల ఒంటికి అలవాటైపోతుంది. ఆ తర్వాత వాళ్లలో కొందరు ఆర్కిటెక్చర్‌లో చేరతారు. తెల్లకాగితం ముందు కూర్చుని 'ఒక బడి గీయి' అంటే మొదట వచ్చేది అదే నడవా, అవే గదులు. తప్పు పిల్లలది కాదు. మనం వాళ్లకు ఇంకోటి చూపించలేదు.

అందుకే ఆర్కిటెక్చర్ బడి భవనం గురించి మాట్లాడటం నాకు చాలా ముఖ్యమైన పనిగా తోస్తుంది. వైద్య కళాశాలకు భవనం ఒక వసతి. ఆర్కిటెక్చర్ బడికి భవనమే పాఠ్యపుస్తకం. ఐదేళ్లు, పది సెమిస్టర్లు పిల్లలు దాని లోపల తిరుగుతారు. మెట్టు ఎంత ఎత్తుంటే మోకాలు నొప్పి పుట్టదో, కిటికీ గట్టు ఏ ఎత్తులో ఉంటే కూర్చోబుద్ధవుతుందో, వెలుతురు ఏ మూల నుంచి వస్తే కాగితం మీద చేతి నీడ పడదో అక్కడే తెలుసుకుంటారు.

పైగా ఈ చదువు సాగే తీరే వేరు. లెక్చర్ విని నోట్సు రాసుకునేది కొంతే. అసలు చదువంతా స్టూడియోలో బల్లల మీద నడుస్తుంది. తను గీసింది గోడకు పెట్టి అందరి ముందూ నిలబడి చెప్పుకోవాలి. దాన్నే జ్యూరీ అంటారు. మొదటి ఏడాది పిల్ల నాలుగో ఏడాది వాళ్ల మోడల్ చూసి, 'ఈ అట్ట ఎక్కడ దొరికింది, ఈ వంపు ఎట్లా కోశావక్కా' అని అడిగిన ఐదు నిమిషాల్లో నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఆ ఐదు నిమిషాలు దొరకాలంటే ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడే చోటు ఉండాలి. మొదటి ఏడాది కింది అంతస్తులో, నాలుగో ఏడాది పై అంతస్తులో, నడుమ తలుపు వేసిన మెట్లగది ఉంటే ఆ మాటే పుట్టదు.

మన అంచనాల పట్టికల్లో మాత్రం గదులకే లెక్క. ఎన్ని తరగతులు, ఎన్ని ల్యాబులు, ప్రిన్సిపాల్ గది ఎంత అని రాసుకున్నాక మిగిలినదాన్ని 'సర్క్యులేషన్' అని ఒక శాతం కింద పడేస్తారు. ఖర్చు తగ్గించమంటే మొదట కోతపడేది దానికే. ఎనిమిది అడుగుల వసారా ఆరడుగులవుతుంది. ఆరడుగుల చోట పిల్లలు నడుస్తారు, అంతే. ఆగి మాట్లాడుకోలేరు, గోడకు షీట్ పెట్టి చూసుకోలేరు. రెండడుగుల స్లాబు ఆదా చేసి బడినే పోగొట్టుకుంటున్నాం.

ఇది మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. వాటిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది. గుడి ఎత్తైన పీఠం మీద ఉంటుంది. మెట్లెక్కగానే లోపలికి పోవాలనిపించదు, ఆ పీఠమే చుట్టూ తిరగమంటుంది. ఒక చుట్టు తిరిగేసరికి గోడల మీద బొమ్మలు, ఊరు, పొలాలు, ఆకాశం అన్నీ కంటబడతాయి. మండపంలోకి వచ్చేందుకు ఒక్క దారే కాదు, మూడు వైపుల నుంచీ దారులున్నాయి. లోపల నడుమ నాలుగు నల్లరాతి స్తంభాలు, వాటి మధ్య కాస్త ఎత్తైన వేదిక. అంచుల వెంట మండపం చుట్టూ రాతి అరుగులు. శాస్త్రంలో వాటిని కక్షాసనాలంటారు. బయట ఎండ నుంచి లోపలికి అడుగుపెట్టినవాడికి కాసేపు ఏమీ కనిపించదు. అరుగు మీద కూలబడతాడు. మెల్లగా కళ్లు అలవాటు పడతాయి, స్తంభం మీద ఉలి పెట్టిన పూసల వరుస తేలుతుంది. అరిచేత్తో తడిమితే అద్దంలా నున్నగా తగులుతుంది. ఇదంతా జరిగేది గర్భగుడిలో కాదు, గర్భగుడికి పోయే దారిలో. ఆ శిల్పి ఎక్కువ చోటూ ఎక్కువ పనితనమూ దారికే ఇచ్చాడు.

నడవాలో అరుగు పెట్టడమనే ఆ ఒక్క ఆలోచన చాలు. నడిచే చోటు, కూర్చునే చోటు, చూసే చోటు ఒక్కటే అవుతాయి. మన పాత భవంతి ఇళ్లలోనూ మండువా లోగిళ్లలోనూ సాయబాను చేసింది ఆ పనే. ఏ గది నుంచి ఏ గదికి పోవాలన్నా ముంగిలి అంచు తగిలేది, ఎవరు వచ్చారో ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ తెలిసేది.

ఇంకా వెనక్కి పోతే నాగార్జునకొండ. మిర్యాలగూడ పొలాలకు 1967 నుంచి నీళ్లిస్తున్న సాగర్ జలాశయం కిందే ఇక్ష్వాకుల నాటి ఆ లోయ మునిగిపోయింది. మునగకముందు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పుకొచ్చి దీవి మీదా అనుపులోనూ మళ్లీ పేర్చింది. అవి చదువుల నెలవులు. ఒక్కో బౌద్ధ శాఖకు ఒక్కో విహారం, సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు వేరేగా ఒకటి. విహారం ప్లాన్ చూడండి. నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు నాలుగు వైపులా చిన్న చిన్న గదులు. ప్రతి గది తలుపూ మండపం వైపే తెరుచుకుంటుంది. భిక్షువు తన గది దాటి బయటికి రావాలంటే పదిమందీ ఉన్న చోటుకే రావాలి. పక్కన చైత్యగృహం, స్తూపం. స్తూపమైతే లోపలికి పోయే కట్టడమే కాదు, చుట్టూ తిరిగేది. అంటే అక్కడ నడకే కొలువు. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి గుట్ట మీద కూడా స్తూపం, చైత్యాలు, విహారాలు, సభామండపాలు ఒకదానికొకటి అల్లుకుని కనిపిస్తాయి. పడగలాంటి గుట్ట, దాని మీదికి ఎక్కడం దగ్గరే ఆ చదువు మొదలయ్యేది.

మన కాలానికి వస్తే, ఈ విషయంలో దేశమంతా చూసే భవనం అహ్మదాబాద్‌లో ఉంది. బాలకృష్ణ దోశి 1962లో అక్కడ ఆర్కిటెక్చర్ బడి మొదలుపెట్టారు. నేడది సెప్ట్ విశ్వవిద్యాలయం. 1960ల చివరికి సిద్ధమైన ఆ భవనానికి వరసగా నిలబెట్టిన ఇటుక గోడలే ఆధారం. ఆ గోడల మధ్య స్టూడియోలు ఒక్క మట్టంలో ఉండవు. సగం అంతస్తు పైకొకటి, సగం అంతస్తు కిందికొకటి. పైనున్నవాళ్లకు కిందివాళ్ల బల్లలు కనిపిస్తాయి. స్టూడియోలకు తలుపుల గొడవ లేదు. ఉత్తరం వైపు తెరిచిన ఏటవాలు పైకప్పుల గుండా వెలుతురు దిగుతుంది. కింద నేల మట్టంలో గాలి ఆడే ఖాళీ చోటు, మెట్లు, గట్లు. తరగతి ఎక్కడ ముగిసి కబుర్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పలేం. దోశికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు, ఆ గౌరవం అందుకున్న తొలి భారతీయుడు ఆయన. 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన పని మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ బడే.

బ్రెజిల్‌లోని సావో పావులో విశ్వవిద్యాలయంలో విలనోవా ఆర్తిగాస్ గీసిన ఆర్కిటెక్చర్ బడి 1969లో తెరుచుకుంది. దాని ముఖద్వారానికి తలుపే లేదు. లోపల విశాలమైన ర్యాంపులు సగం సగం అంతస్తులను కలుపుకుంటూ పైదాకా పోతాయి. నడుమ పెద్ద సభాస్థలం. పిల్లల మీటింగులన్నీ అక్కడే. సైనిక పాలన గుప్పిట్లో ఉన్న దేశంలో అలా తలుపు లేని భవనం కట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. భవనం తెరిచిన ఏడాదే ఆర్తిగాస్‌ను ఆ బడి నుంచి తప్పించారు కూడా. ఫ్రాన్స్‌లోని నాంత్‌లో లకాటన్, వాసాల్ జంట 2009లో పూర్తిచేసిన బడిది ఇంకో దారి. ఇచ్చిన డబ్బుతోనే అడిగినదానికి దాదాపు రెట్టింపు చోటు కట్టారు. మెరుగులు మానేసి, ఏ పనికని పేరు పెట్టని పెద్ద పెద్ద ఖాళీలు ఇచ్చారు. వీధిలోంచి మొదలైన ర్యాంపు మిద్దె మీదికి పోతుంది. డబ్బు తక్కువగా ఉన్న చోట కూడా చోటు తగ్గించక్కర్లేదని ఆ భవనం రుజువు చేసింది. మనకు పనికొచ్చే పాఠం ఇదే.

అతి చేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. అమెరికాలోని యేల్‌లో పాల్ రుడాల్ఫ్ 1963లో కట్టిన భవనంలో 37 వేరువేరు మట్టాలున్నాయి. చూడటానికి అద్భుతం. కానీ మోడల్ పట్టుకుని నడిచేవాడికి అడుగడుగునా రెండు మెట్లు ఎక్కు, మూడు మెట్లు దిగు. 1969లో అగ్నిప్రమాదం జరిగాక దశాబ్దాల పాటు దాన్ని గదులు గదులుగా విడగొట్టి వాడుకుని, 2008లో మళ్లీ పూర్వరూపానికి తెచ్చారు. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థిని తలచుకుంటే ఇన్ని మెట్లు అన్యాయం. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ర్యాంపు ఉండాల్సిందే. దాన్ని వెనకవైపు జనరేటర్ పక్కన ఒక మూలకు తోసేస్తున్నారు మనవాళ్లు. అందరూ నడిచే ప్రధాన దారే ర్యాంపు అయితే ఎవరికీ వేరే దారి అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలంటారు, అంటే ఒక అడుగు పైకి పోవడానికి పన్నెండడుగులు నడవాలి. అంతస్తు ఎత్తు 12 అడుగులనుకుంటే 144 అడుగుల ర్యాంపు. అంత పొడవు ఎక్కడ పెడతామని కాంట్రాక్టరు బెంబేలెత్తిపోతాడు. కానీ ఒక్కో వైపు 36 అడుగులున్న చదరపు ముంగిలి చుట్టుకొలత సరిగ్గా 144 అడుగులు. ఆ ముంగిలి చుట్టూ ఒక్కసారి తిరిగితే ఒక అంతస్తు ఎక్కినట్టే. నాలుగు మూలలూ ఆగేందుకు చదునులవుతాయి. నిబంధన ప్రకారం మధ్యలో ఇంకో చదును కావాలంటే ముంగిలిని కాస్త పెంచుకోవచ్చు. పిల్లలమర్రి పీఠం మీద చేసిన ప్రదక్షిణనే పైకి సాగదీసినట్టు ఉంటుంది. ఆ నడకలో ప్రతి స్టూడియో పక్కనుంచీ పోతాం, నాలుగు దిక్కుల నుంచీ ముంగిలిని చూస్తాం. ర్యాంపు లోపలి అంచున అరుగు, స్టూడియో గోడ మీద షీట్లు గుచ్చుకునే బోర్డు పెడితే రోజంతా జ్యూరీయే.

ఎండ సంగతి చూద్దాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మన మూడు పట్టణాలూ 17 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. మే రెండో వారం దరిదాపుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. 36 అడుగుల ముంగిలి చుట్టూ మూడంతస్తులు, అంటే మరో 36 అడుగుల ఎత్తు లేపితే, ఆ రోజుల్లో ఉదయం 9 దాకా, మధ్యాహ్నం 3 దాటాక ముంగిలి నేల మీద ఎండ పడదు. నడుమ ఉన్న ఆరు గంటలకు ఒక వేపచెట్టు కావాలి, లేదా పైన చువ్వల పందిరి. అహ్మదాబాద్ భవనాన్ని చూసి ఉత్తరపు కిటికీల పైకప్పును ఉన్నదున్నట్టు దించుకుంటే మాత్రం దెబ్బతింటాం. అహ్మదాబాద్ దాదాపు కర్కటరేఖ మీద ఉంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి దాటినా అది నామమాత్రమే. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరం వైపే ఉంటాడు. చూరు ముందుకు లాగకపోతే ఆ మూడు నెలలూ బల్లల మీద ఎండే. మంచి భవనాన్ని చూసి నేర్చుకోవాల్సింది రూపాన్ని కాదు, ఈ లెక్కలను.

దారిని ముందు గీసి తర్వాత కప్పు వేయడం మిర్యాలగూడ మిల్లు మేస్త్రీలకు ఎప్పటినుంచో తెలుసు. రైస్ మిల్లులోకి పోయి చూస్తే షెడ్డు ఆకారాన్ని నిర్ణయించింది గింజ నడకే అని అర్థమవుతుంది. ధాన్యం గోతిలో పడుతుంది. బకెట్ల ఎలివేటర్ దాన్ని పైకి తోడుతుంది. పైనుంచి తన బరువుతో తనే జారుతూ జల్లెడలోకి, నానబెట్టే ట్యాంకుల్లోకి, ఆవిరిలోకి, డ్రయ్యర్‌లోకి, పొట్టు తీసే యంత్రంలోకి పోతుంది. దిగిన ప్రతిసారీ ఇంకో ఎలివేటర్ మళ్లీ పైకెత్తుతుంది. ఊక ఒక దారి, తవుడు ఒక దారి, నూకలు ఒక దారి. ఊక పోయి బాయిలర్‌లో పడి, ఉప్పుడు బియ్యానికి కావాల్సిన ఆవిరిని పుట్టిస్తుంది. ఎక్కడా రెండు దారులు అడ్డంగా తగులుకోవు. కిందనుంచి చూస్తే గొట్టాలు, పలకల మీద మనుషులు, సందుల్లోంచి పడే వెలుతురు. మూడంతస్తుల ఎత్తు ఒకేసారి కనిపిస్తుంది. మొదటి ఏడాది ఆర్కిటెక్చర్ పిల్లలతో ఆ మిల్లు సెక్షన్ గీయిస్తే, భవనాన్ని నిలువుగా కోసి చూడటం అంటే ఏమిటో ఒక్క వారంలో పట్టుబడుతుంది.

విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ భవనాన్ని ముంబైకి చెందిన మొబైల్ ఆఫీసెస్ గీసింది. అది నగరం నడుమ జాగా, పైకి పెరగక తప్పదు. పైకి పెరిగిన బడిలో అంతస్తుకూ అంతస్తుకూ చూపు తెగిపోకుండా చూడటం పెద్ద సవాలు. మన మూడు పట్టణాల చుట్టూ ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ నేల ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి చుట్టుపక్కల సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. పరుచుకోవడానికి నాపరాయి ఉంది. రాయి తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. రెండు మూడంతస్తులకు మించకుండా ముంగిళ్లను ముంగిళ్లతో కలుపుకుంటూ పోవచ్చు. వర్క్‌షాపు వెనక దాక్కోకుండా రోడ్డు వైపే ఉంటే, వడ్రంగి వెంకన్నలూ వెల్డింగ్ మస్తాన్లూ తలుపు తోసుకుని వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పిపోతారు. సాయంత్రం స్టూడియోలు మూసేశాక కూడా ముంగిలి ఊరికి తెరిచి ఉండాలి. బడిలో ఏం గీస్తున్నారో ఊరికి కనపడితే, రేపు ఆ ఊరివాడే ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీతో పాటు ఆర్కిటెక్టునూ పిలుస్తాడు.

ఈ ప్రాంతంలో విశ్వవిద్యాలయ స్థాయిలో ఏ కొత్త కాలేజీ తలపెట్టినా, అది ఆర్కిటెక్చర్‌దైనా ఇంకొకటైనా, పని మొదలవ్వాల్సింది నోటిఫికేషన్ కాగితం దగ్గర. గదుల జాబితాలో వసారాలను, మెట్లను, ముంగిళ్లను కూడా పేరుపేరునా రాయాలి. ఎంతమంది కూర్చుంటారు, ఏం జరుగుతుంది, నీడ ఏ వేళ కావాలి అని పక్కనే చేర్చాలి. శాతం లెక్కన వదిలేయకూడదు. ఆ తర్వాత బహిరంగ పోటీ పెట్టాలి. దానికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నియమావళి ఉంది. వచ్చిన ఎంట్రీల్లో ముందు రంగుల బొమ్మలు చూడకుండా సెక్షన్లు బల్ల మీద పరచాలి. గేటు దగ్గర బస్సు దిగిన పిల్ల మోడల్ పట్టుకుని మూడో అంతస్తు స్టూడియో దాకా ఎట్లా పోతుందో, దారిలో ఎవరెవరు కనపడతారో వేలు పెట్టి చూపించమని అడగాలి.